నలభై దినాల గాదె

ఒకటో నంబరు

ఓడరేవు మునిగి నా వయసంత కాలమైంది. అయినా రేడియోలో వాయుగుండాల కబురు చెప్పే మనిషి ఇంకా ఆ రేవు నంబర్లే చదువుతున్నాడు. ఒకటి అంటే దూరంగా సముద్రంలో ఏదో పుట్టింది. మూడు అంటే మన వైపు తిరిగింది. ఏడు అంటే మన మీదికే. పదకొండు అంటే చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య తీగ తెగింది. జెండా ఎగరేయడానికి ఇప్పుడు స్తంభం లేదు, చూసి వెనక్కి తిరగడానికి ఓడ లేదు. కానీ ఆ అంకె చెవిన పడితే మా వాళ్లు అన్నం ముందు నుంచి లేచి చక్రాల దగ్గరికి పోతారు.

ఈ ఉదయం ఒకటో నంబరు చదివారు. గాలివాన కబురు వచ్చిన నాటి నుంచి అది దాటిపోయేదాకా జరిగింది జరిగినట్టు రాసిపెట్టడం బోధకుడి పని. కాబట్టి రాస్తున్నాను.

నా పేరు నిరీక్షణరావు. ఉప్పుమళ్ల బిడారుకు బోధకుణ్ణి. నన్ను ఎవరూ అభిషేకించలేదు, ఏ బడీ పట్టా ఇవ్వలేదు. టైర్లకు ప్యాచీలు వేస్తూ, మోకాలి మీద గ్రంథం పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నాను. అట్ట మీద ఇప్పటికీ గ్రీజు మరకలున్నాయి. పైనుంచి అగ్ని దిగేటప్పుడు చేతులు కడుక్కుని రమ్మని ఎవరినీ అడగదు.

మా బండిళ్లు ఏడు. ఇనుప చట్రం మీద మందపాటి రేకు గది, కింద నడుమెత్తు టైర్లు, మీద సోలారు పలకలు, ముందు కొక్కెం. పూర్వం కలిగినవాళ్లు సరదాకి అడవుల్లో విడిది చేయడానికి కొనుక్కునేవారట. మేం అందులోనే పుడుతున్నాం, అందులోనే పోతున్నాం. తెల్లవారగానే పలకల మీద పేరుకున్న ఉప్పు తడిగుడ్డతో తుడవాలి. చక్రాల బేరింగులకు గ్రీజు కొట్టాలి. నీళ్ల ఫిల్టరు తిరగేసి కడగాలి. మరుగుదొడ్డి డబ్బాలో బూడిద చల్లాలి. అవన్నీ అయ్యాకే పారలు తీసుకుని ఉప్పు తీయడానికి మళ్లలోకి దిగుతాం.

ఇవి ఏ బిడారులోనైనా ఉండే పనులు. మాకు మాత్రమే ఉన్నది గాదె. మంచం కింద, బండి పొడవునా సాగే రేకు పెట్టె. అందులో ఇంటిల్లిపాదికీ నలభై దినాలకు సరిపడా బియ్యం, పప్పు, ఎండుచేప, నూనె. దాన్ని ముట్టుకోకూడదు. మూత మీద మైనం ముద్ర నాది. వాన నలభై పగళ్లు, నలభై రాత్రులు కురిసిందని వాక్యం చెబుతోంది. ఓడలోకి ఎక్కే ప్రతి నోటికీ తిండి ముందే చేర్చమన్న ఆజ్ఞ కూడా అక్కడే ఉంది. ఆ రెండు మాటల మీద కట్టాను ఈ గాదెను. మొదటి ఉప్పెన తర్వాత ఆకలి మా ఇంట్లోంచి నా భార్య కరుణమ్మను తీసుకుపోయింది. ఆమెను పూడ్చిన గుంట మట్టి ఆరకముందే నేను ఈ వాక్యం పట్టుకుని లేచి నిలబడ్డాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఇంటింటికీ పోయి గాదె మీద వేలికణుపులతో కొడతాను. బరువుగా పలికితే స్తోత్రం చెబుతాను. డొల్లగా పలికితే ఆ ఇంటివాళ్లు తల వంచుకుంటారు. పంటల పండగనాడు అదనంగా మూట చేర్చినవాళ్లను పేరు పెట్టి దీవిస్తాను. గాలివాన రాక నాలుగేళ్లు. నాలుగేళ్లుగా మూట మీద మూట పడింది. గాదెలు చాలక బల్లల కిందికి, అటకల మీదికి, స్నానపు మూలలోకి పాకింది.

మా ట్రాక్టరు నడిపేది సలోమి, కరుణమ్మ చెల్లెలు. మనిషి పొట్టి, నోరు పొడుగు. సాయంత్రం నన్ను చక్రం పక్కన కూర్చోబెట్టి బండి బరువు మోసే కమాను పట్టీలు చూపించింది. విల్లులా వంగి ఉండాల్సినవి బల్లపరుపుగా పడుకున్నాయి.

"నీ దీవెనలు బాగా బరువెక్కినయ్ బావా," అంది.

విశ్వాసం బరువుకు ఇనుము వంగుతుంది గానీ ఆత్మ వంగదు అన్నాను. ఈ మాట ఆదివారం ప్రసంగంలో పెట్టుకోవచ్చని కూడా అనుకున్నాను.

మూడో నంబరు

మర్నాడు మధ్యాహ్నానికి మూడుకు మార్చారు. పారలు కడిగి కట్టేశాం. ఎర్రమిట్ట ఎక్కాలి.

ఎర్రమిట్ట తప్ప ఈ చుట్టుపక్కల ఎత్తు లేదు. పైన చెట్టు లేదు, గోడ లేదు, ఒట్టి రాతి పరుపు. రాతిలోకి దిగ్గొట్టిన ఇనుప కడియాలున్నాయి. బండిళ్లను పైకి లాగి, నాలుగు మూలలా ఆ కడియాలకు గొలుసులు బిగించి, తలుపులు మూసుకుని కూర్చుంటే నీళ్లూ అందవు, గాలీ ఎత్తుకుపోదు. బళ్లు కింద వదిలేసి మనుషులు ఎక్కితే చాలదా అని కొత్తగా చేరినవాళ్లు అడుగుతుంటారు. పోయిన గాలివానకు పక్క బిడారు వాళ్లు అలాగే ఎక్కారు. నీళ్లు వాళ్లను ముట్టుకోలేదు. గాలి ఊడ్చేసింది. మిట్ట మీద వాళ్ల చీర పేలిక కూడా మాకు దొరకలేదు. కాబట్టి మనిషీ ఎక్కాలి, బండీ ఎక్కాలి.

ట్రాక్టరు ఒక్కటే, కరెంటుది. ఏడిళ్ల పలకలూ కలిసి దాని బ్యాటరీ నింపుతాయి. పోయినసారి అది బళ్లను జంటలుగా లాక్కుపోయి సాయంత్రానికల్లా అందరినీ మిట్ట మీద పెట్టింది. ఈసారి పొద్దున్నుంచే ఆకాశం మూసుకుంది. పలకల మీద నీడ కూడా పడడం లేదు. ఉన్న చార్జింగుతోనే పని కావాలి.

చీకటి పడబోతుంటే మా అత్త దీవెనమ్మ ఎండురొయ్యల మూట చంకన పెట్టుకుని వచ్చింది. కరుణమ్మకూ సలోమికీ తల్లి. ఒంటరి మనిషి, ఏడు బళ్లలోనూ ఎక్కువ బరువు ఆమె బండిదే. ఇంట్లో నాయనా అంటుంది, నలుగురిలో అయ్యగారూ అంటుంది. ఇది కూడా గాదెలో పెట్టి ముద్ర వెయ్యమంది. మైనం కరిగించి వేశాను. ఈ తల్లిని చూసి నేర్చుకోండి, గాలి పుట్టకముందే గింజ దాచిన చేతులివి అని గట్టిగా అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు ఆమెన్ అన్నారు. సలోమి మాత్రం టైరు పక్కన ఉమ్మేసి వెళ్లిపోయింది.

ఐదో నంబరు

తెల్లారుతూనే మొదటి జంటను తగిలించాం. సలోమి ట్రాక్టరు కదిలించగానే ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేచాయి. గుర్రం కాళ్లెత్తినట్టు నిలబడి, మళ్లీ కిందపడింది. బళ్లు అంగుళం జరగలేదు. ఒకదాన్ని విప్పేసి, జంటలో రెండోదైన మా బిడారు మనిషి ఓబద్యా బండిని ఒక్కదాన్నే లాగించాం. చదును మీద బాగానే పోయింది. మిట్ట రెండో మలుపులో చక్రాలు ఎర్రమట్టిని తవ్వుకుంటూ ఉన్నచోటే తిరిగాయి.

అప్పుడు నేను వాగ్దాన దేశపు కోటగోడలను కేకతో కూల్చినవాడిలా అరిచాను. ఆడా మగా అందరూ వెనక భుజాలు ఆనించారు. పాట అందుకున్నాం. అడుగు తోయడం, చక్రం కింద రాయి పెట్టడం, ఊపిరి పీల్చుకుని మళ్లీ తోయడం. వాన మొదలైంది. బండి మిట్ట ఎక్కేసరికి పొద్దు నడినెత్తి దాటింది. నేను చేతులెత్తి జయం ప్రకటించాను.

సలోమి నన్ను పక్కకు పిలిచి బ్యాటరీ ముల్లు చూపించింది.

"నిండు బళ్లయితే ఇంకోటి ఎక్కుద్ది. దేవుడు తోస్తే రెండు. మిగతా నాలుగూ కిందే."

"అందరం కలిసి తోద్దాం."

"అందరం తోస్తేనే ఇదొక్కటి ఎక్కింది బావా."

"మరేం చెయ్యమంటావు?"

"నీకు తెలుసు. నా నోటితో అనిపిస్తావేంది?"

నాకు తెలుసు. తెలిసినందుకే మండిపోయాను. అక్కడే, వానలోనే, గ్రంథాన్ని తువాలులో చుట్టి పైకెత్తి మాట్లాడాను. ఒక్క పూట కూటికి జ్యేష్ఠత్వం అమ్ముకున్నవాడి కథ చెప్పాను. కాసేపు ఒళ్లు నొప్పి పుట్టగానే దేవుడి సొమ్ము పారబోద్దామనే నాలుకల గురించి చెప్పాను. పేరు తీయలేదు. తీయనక్కర్లేదు. మరదలని జాలి చూపలేదు. జనం ఆమెన్ అన్నారు. దీవెనమ్మ అందరికంటే గట్టిగా అంది. కన్నకూతురి మీద పడుతున్న మాటలని ఆమెకు తెలుసు.

సలోమి చేతులు గుడ్డకు తుడుచుకుని ట్రాక్టరు కిందికి తిప్పింది. ఆ రోజు ఇంకో బండిని తగిలించలేదు. జవాబు చెప్పే మనిషితో పోట్లాడవచ్చు.

ఏడో నంబరు

మర్నాడు ఏడు చదివారు. ఉప్పుమళ్ల బయటి గట్టు మీదికి అలలు ఎక్కుతున్నాయి. నా గుమ్మంలోంచి చూస్తే కనిపిస్తున్నాయి.

మరో ప్రసంగానికి బలం కావాలని గ్రంథం తెరిచాను. ఓడ పేజీ తనంతట తనే తెరుచుకుంటుంది, అన్నిసార్లు చదివాను. మళ్లీ చదివాను. నీళ్లు పెరిగి ఓడను పైకెత్తాయని ఉంది. ఆ వాక్యం మీద నా వేలు ఆగిపోయింది. నీళ్లే ఎత్తాయి. ఆ ఓడకు చక్రాలు లేవు. దాన్ని మిట్ట ఎక్కించాల్సిన పని ఎవరికీ పడలేదు. ఎంత బరువు నింపినా మోయడానికి కింద సముద్రం ఉంది. మాకు కింద ఉన్నది సలోమి, ఒక ట్రాక్టరు, తరిగిపోతున్న చార్జింగు.

పేజీలు తిప్పాను. ఎడారిలో నడిచి పోయినవాళ్ల దగ్గర ఆగాను. వాళ్లకు ఆకాశం నుంచి ఏ రోజు తిండి ఆ రోజు రాలింది. రేపటికని దాచినవాడి కుండలో పురుగు పట్టి కంపు కొట్టింది. ఈ పేజీని నేను బోధించింది లేదు. ఆకలికి మనిషిని పోగొట్టుకున్న ఇంట్లో కూర్చుని, దాచుకోవద్దన్న మాట చదవడానికి నాకు నోరు రాలేదు. దాటుకుంటూ పోయేవాణ్ణి. ఈ రోజు దాటడానికి చోటు లేదు. తేలేవాళ్లకు దేవుడు చెప్పింది ఒకటి. నడిచేవాళ్లకు చెప్పింది ఇంకొకటి. మేం నడిచేవాళ్లం.

బయటికి వచ్చి ఇనుప పలక కొట్టాను. అందరూ వానలో మూగారు. నా గాదె ముందు మోకరించి, చక్రాల పానా తీసుకుని నా ముద్రను నేనే పగలగొట్టాను.

"సహోదరులారా, ఈ ముద్ర నాది. దేవుడిది కాదు. ఓడకు చక్రాలు లేవు, మనకున్నాయి. లాగలేనిది మనల్ని ముంచుద్ది. తెరవండి, బయట పారబోయండి."

ఓబద్యా ముందుకొచ్చాడు. అతని బండి నిండుగానే మిట్ట మీద ఉంది. అయినా అడగాల్సిన మాట అతనే అడిగాడు.

"నిన్న కూటికి అమ్ముకోవద్దన్నారు. ఇయ్యాల బురదలో పొయ్యమంటన్నారు. ఏది దేవుడి మాట అయ్యగారూ?"

"నిన్న కోపంతో చదివాను. ఇయ్యాల భయంతో చదివాను. భయంలోనే అక్షరాలు కుదురుగా కనపడినయ్."

నా మూటలు నేనే మోసి బయట పడేశాను. తర్వాత నీళ్ల ట్యాంకు కుళాయి తిప్పబోయి చెయ్యి ఆగిపోయింది. బియ్యం కంటే నీళ్లే బరువు, కానీ ఉప్పు నేల మీద బతికేవాడికి మంచినీళ్లు వదలడం ప్రాణం మీదికొస్తుంది. సలోమి నా చేతి మీదుగా తనే కుళాయి తిప్పేసింది.

"పైన కురిసేవి నీళ్లే కదా బావా. పాత్ర పడితే నిండుద్ది."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. నిన్నటి ప్రసంగం ఇంకా ఆమె భుజాల మీదే ఉంది. దానికి క్షమాపణ అడగాలని నోరు తెరిచేలోగా ట్రాక్టరు దగ్గరికి పోయింది.

ఇళ్లు తేలికపడుతున్నాయి. మూటలు తలకెత్తుకుని మిట్ట ఎక్కిద్దామని కొందరన్నారు. చేతులు చాలవు. కొక్కేనికి తగిలించిన ప్రతి జంట వెనకా తోయడానికి అందరి భుజాలూ కావాలి. ముసలివాళ్లూ పిల్లలూ మోయగలిగినంత మోశారు. మిగతాది నేల పాలైంది. మొదటి జంట బయల్దేరింది. నిన్న ఒక్క బండిని లాగలేని ట్రాక్టరు రెండింటిని లాక్కుపోయింది.

దీవెనమ్మ తలుపు వేసుకుంది. నేను తట్టి లోపలికి పోయేసరికి గాదె మూత మీద కూర్చుని ఉంది. రెండు అరచేతులూ మూతకు ఆనించి ఉంచింది.

"బయట నువ్వు అయ్యగారివి," అంది. "ఈ గదిలో నా అల్లుడివి. అల్లుడిగానే చెప్పు. నా బిడ్డ ఎట్టా పోయింది?"

"ఆకలితో, అత్తమ్మా."

"కాదు. దాని ముద్ద మనకు పెట్టి పోయింది. నాకు ఆకల్లేదమ్మా అంటా నా కంచంలో ఏసింది. నేను తిన్నా. నువ్వూ తిన్నావు. ఆ ముద్ద నా గొంతులో ఇప్పటికీ దిగలా. దాని మీదే మూత పెట్టి నీ చేత ముద్దర కొట్టిచ్చుకున్నా. ఇంకే తల్లీ అట్టా తినే పని ఉండగూడదని. నువ్వు చెప్పిందే నమ్మా నాయనా. ఇప్పుడు పారబొయ్యమంటే యాడ పొయ్యను?"

ఏ ఇంట్లో ఏ కష్టం వచ్చినా నా నాలుక మీద ఒక వాక్యం సిద్ధంగా ఉంటుంది. ఆ గదిలో ఏదీ రాలేదు. ఆమె బండి తగిలించకుండా నేను కదలనని మాత్రం చెప్పాను. నా బండీ ఆమెదీ చివరి జంట. ఆమె లేవకపోతే రెండూ ఇక్కడే. ఇది బెదిరింపు కాదు అత్తమ్మా, ఇంకెక్కడికి పోవాలో నాకూ తెలియదు అన్నాను.

కిటికీలోంచి ఓబద్యా భార్య కనిపించింది. పక్కింటి బియ్యం బస్తా మూతి విప్పి బురదలో వంపుతోంది. వాన చినుకులకు తెల్లని గింజలు ఎగిరెగిరి పడుతున్నాయి. దీవెనమ్మ అది చూసింది. చటుక్కున లేచింది. వయసును మరచిపోయిన మనిషిలా మెట్లు దిగి, కొంగు పరిచి, ఆ బియ్యం కింద పట్టింది.

"బురదలో పొయ్యొద్దు. మీకు పుణ్యముంటది, బురదలో పొయ్యొద్దు. పారేసేదాన్ని తినండి. కడుపులో పెట్టుకుని ఎక్కండి. ఆ బరువు ట్రాక్టరు మొయ్యనక్కర్లా."

తన గాదె ముద్రను ఆమే గోటితో గీకి తీసింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. బండి చాటున గాలి తగలని చోట పెద్ద గుండిగ ఎక్కించింది. మా బిడారులో ఎన్నడూ పండగకు కూడా అంత అన్నం ఉడకలేదు. ఎండురొయ్యలు, పప్పు, నూనె, దాచింది దాచినట్టు అందులో పడింది. మిట్ట మీంచి దిగి వస్తున్న ఒక్కొక్కరినీ ఆపి, చేతుల మట్టి కడిగించి, దోసిట్లో పెట్టింది. నిలబడే తిన్నారు. వాన నీళ్లతో కలిపి తిన్నారు. కొందరు తింటూ ఏడ్చారు. రెండో జంట ఆ అన్నం బలంతోనే ఎక్కింది.

మిగిలిన బస్తాలు ఆమె బురదలో వేయనివ్వలేదు. పక్కనున్న రాతిగుట్ట మీదికి మోయించింది. నీళ్లొచ్చేదాకా పిట్టలైనా తింటయ్ అంది.

పదో నంబరు

చివరి జంట కదిలేసరికి బయటి గట్టు తెగింది. వెనక్కి తిరిగి చూస్తే మళ్లు లేవు, ఒకటే నీలం బూడిద రంగు పరుచుకుని వస్తోంది. బ్యాటరీ ముల్లు ఎర్రగీతలో ఉంది. రెండో మలుపులో ట్రాక్టరు మూలిగి ఆగింది. సలోమి దిగి, తన సీటు కింది పనిముట్ల పెట్టె కూడా విసిరేసి, మళ్లీ ఎక్కింది. దీవెనమ్మ తన బండి వెనక భుజం పెట్టింది. వద్దంటే వినలేదు. నేను పాట ఎత్తబోయాను. ఊపిరి పాటకు చాల్లేదు. ఆ ఒక్క పూట మా బిడారు మౌనంగా పని చేసింది.

ఎక్కాం. గొలుసులు బిగించాం. ఏడూ ఉన్నాయి.

తలుపులు మూయబోతుంటే మిట్ట అవతలి వైపు నుంచి నలుగురు పాకుతున్నట్టు వచ్చారు. వేరే ఉప్పుమళ్ల కూలీలు. వాళ్లకు బండి లేదు, ఎప్పుడూ లేదు. ఇద్దరు మగవాళ్లు, ఒక ముసలాయన, చంటిబిడ్డతో ఒక బాలెంత. ఆమె పేరు గురవమ్మ. లోపలికి రానిస్తారా అని అడగలేదు, గాలికి అడగడానికి వీల్లేదు. నా బండిలో మగవాళ్లిద్దరినీ తీసుకున్నాను, ముసలాయనను ఓబద్యా తీసుకున్నాడు. దీవెనమ్మ గురవమ్మనూ బిడ్డనూ తీసుకుంది. నేలంతా సామాను, గొలుసులు, తడిబట్టలు. ఒరగడానికి జానెడు చోటు లేదు. దీవెనమ్మ ఒక్క క్షణం చూసి, గాదె మూత తీసి, అడుగున దుప్పటి పరిచింది. బిడ్డను రొమ్ముకు అదుముకుని గురవమ్మ అందులోకి దిగి పడుకుంది. ఉదయం బియ్యం ఉన్నచోట మనిషి సరిగ్గా పట్టింది. నేను నా బండికి పోయి నా గాదె మూత తీశాను.

పదకొండో నంబరు

రేడియో మూగబోయింది. గాలి గురించి రాయడానికి నా దగ్గర మాటలు లేవు, మాటలున్నవాణ్ణనే ఇన్నాళ్లూ పేరు. గొలుసులు నాలుగూ ఒక్కోసారి ఒక్కో గొంతుతో ఏడ్చాయి. గాదెలో పడుకున్న కూలీ మనిషి నా చెయ్యి పట్టుకున్నాడు. తెల్లారేదాకా వదల్లేదు. అతనిది ఏ దేవుడో నేను అడగలేదు.

నంబరు లేదు

గాలి పోయింది. మిట్ట చుట్టూ నీళ్లు. ట్యాంకులన్నీ వాన నీళ్లతో పొంగుతున్నాయి, ఆ విషయంలో సలోమి మాటే నిజమైంది. తిండి లేదు. ఓబద్యా గాదె ఒక్కటే నిండుగా ఎక్కింది, దాన్ని ఎవరూ అడగకముందే అతనే తెరిచాడు. పిల్లలూ ముసలివాళ్లూ మోసిన చిన్న మూటలున్నాయి. అవన్నీ ఒక్కచోట పోసి, మనిషికి పూటకు ఒక ముద్ద అని సలోమి పంచుతోంది. సాయం పడవ వస్తుందని అందరూ అంటున్నారు. ఏ దిక్కు నుంచో ఎవరూ చెప్పడం లేదు.

గొణుగుడు మొదలైంది. దాచుకున్నది దాచుకున్నట్టుంటే ఇయ్యాల కడుపు నిండా తినేవాళ్లం కదా అని ఒకాయన నాకు వినపడేలా అన్నాడు.

"తినేవాడివే," అంది సలోమి గరిటె ఆపకుండా. "నీళ్ల అడుగున, రొయ్యలతో సమానంగా కూచోని."

నవ్వు పాకింది. నవ్వినవాళ్లంతా ఆకలితోనే ఉన్నారు. ఆ రోజు ఆమె పంపకం అయ్యేదాకా ఆగి, ఎదుట నిలబడి, మిట్ట మీద నీ గురించి అన్న మాటలు తప్పని అందరి ముందూ చెప్పాను. కంచం పట్టుకో బావా, చల్లారిపోతుంది అంది.

ఈ ఉదయం ఒకటి కనిపెట్టాను. దీవెనమ్మ తన ముద్దను కంచంలో పెట్టించుకుని బండిలోకి పోతోంది. ఖాళీ కంచంతో తిరిగి వస్తోంది. నడుస్తుంటే గొలుసు పట్టుకుని నిలబడుతోంది. లోపల గురవమ్మ ముఖం మాత్రం తేరుకుంది, బిడ్డ పాల కోసం ఏడవడం మానేసింది.

మధ్యాహ్నం వెనకే పోయాను. గురవమ్మ నిద్రలో ఉంది. ఆమె తల దగ్గర అన్నం ముద్ద పెట్టి, దీవెనమ్మ వెనక్కి తిరుగుతోంది.

"నువ్వు తిను అత్తమ్మా."

"నాకు ఆకల్లేదు నాయనా."

"ఆ మాట ఇదివరకు ఒకసారి నమ్మాను."

ఆమె గోడకు ఒరిగింది. "బోధకుడివి. ఇయ్యొద్దంటావా?"

"సగం ఇయ్యి. సగం తిను."

"అట్టా యాడ రాసుంది?"

ఎక్కడో రాసే ఉంటుంది. ఆ క్షణాన వెతకలేదు. నా కంచం తెచ్చుకుని ఆమె ఎదురుగా కింద కూర్చున్నాను. నా ముద్దను రెండు చేశాను. ఒకటి ఆమె చేతిలో పెట్టాను. ఆమె తినేదాకా నాది నేను ముట్టుకోనన్నాను. ఆమె చాలాసేపు ఆ అన్నం వైపు చూసింది. బయట ఎవరో ప్రసంగానికి వేళైందని పిలిచారు. నేను లేవలేదు.

ఆమె నోట్లో పెట్టుకుంది. నమిలింది. గొంతు కదిలింది, ముద్ద కిందికి దిగింది. అప్పుడు నాది నేను తిన్నాను.